నామినేషన్ అంగీ

మా ఆయన ఫకీర్ సాహెబ్ తాను రిటైరయ్యానని చెప్పుకోవడం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. ఆ మూడేళ్లూ ఆయన పని నేనే చేశాను. ఈ ముక్క ముందే చెప్పేస్తే, నాకెందుకింత కోపమని తర్వాత మీరు అడగక్కర్లేదు.

జమ్మలమడుగు పాత బస్టాండు వెనక మాది టైలరింగు అంగడి. ముందు గది అంగడి, వెనక గది సంసారం. పెళ్లయి వచ్చిన కొత్తలో నా పని కాజాలు కుట్టడం, గుండీలు వేయడం వరకే. తర్వాత ఆయన కళ్లకు పొరలొచ్చాయి. ఆపరేషన్ చేయించినా చూపు సరిగా కుదరలేదు. కటింగు మాత్రం ఆయనే చేసేవాడు, అలవాటైన చెయ్యి కాబట్టి కత్తెర దానంతటదే దారి చూసుకునేది. మిగిలిన కుట్టంతా వెనక గదిలో నా మీద పడింది. బట్టలు తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు ముందు గదిలో నిలబడి "సాయిబు చెయ్యే చెయ్యప్పా" అనేవాళ్లు. ఆయన గడ్డం దువ్వుకుంటూ "అంతా అల్లా దయ" అనేవాడు. అల్లా దయకు వెనక గదిలో నడుం పట్టేసేది.

తొంభై ఆరులో, రంజాన్ పోయాక ఒక శుక్రవారం, నమాజు అయి బయటికొస్తూనే మసీదు దగ్గర అందరికీ చెప్పేశాడట, "ఇంక నాతో కాదప్పా, రిటైరైనా" అని. ఎవరో పూలదండ వేశారు. ఆ దండతోనే ఇంటికొచ్చి సేమ్యా పాయసం చేయమన్నాడు. సంతోషంగా చేశాను. నాకు లెక్క సూటిగా కనిపించింది. ఆయన రిటైరైతే అంగడి మూత. అంగడి మూస్తే నేనూ రిటైరే.

మైలవరంలో డ్యాం దగ్గర నా చెల్లెలు మైమూన్ ఉంటుంది. దాని మొగుడు చేపలు పడతాడు. వాళ్లింటి అరుగు మీద కూర్చుంటే ఎదురుగా నీళ్లు. పెన్నలో ఇసుక చూసి చూసి విసిగిన మావాళ్లకు నీళ్లు చూడడమే పెద్ద వేడుక. నాకక్కడ కూర్చోవాలని ఉండేది. ఏమీ చేయకుండా, ముఖ్యంగా కాళ్లు ఆడించకుండా. మిషను తొక్కి తొక్కి నా పాదాలకు ఊరుకోవడం తెలియకుండా పోయింది. పెళ్లిలో భోజనానికి కూర్చున్నా ఆడుతూనే ఉంటాయి. పక్కనామె "ఏం ఖాలా, చలేస్తాందా?" అంటుంది. నాకు కాదు, ముందు ఆ పాదాలకు రిటైర్మెంటు ఇప్పించాలి.

మైమూన్‌కు వస్తున్నానని కబురు పెట్టాను. సంచి కూడా సర్దుకున్నాను. అప్పుడు జీపు వచ్చింది.

జీపు పెద్దాయనది. పెద్దాయన అంటే మా వైపు ఒక వర్గానికి నాయకుడు. పేరు చెప్పను. మా ఊరివాళ్లకు చెప్పకపోయినా తెలుసు, బయటివాళ్లకు తెలిసినా చేసేదేమీ లేదు. ఆయన డ్రైవరు సుందరం దిగి, ప్రొద్దుటూరులో కొన్న తెల్ల ఖద్దరు బట్ట మా ఆయన చేతిలో పెట్టాడు.

"సాయిబూ, ఎలక్షన్లు వచ్చినాయి. నామినేషన్ అంగీ కుట్టల్ల" అన్నాడు.

"నేను రిటైరైనా గదా సుందరం" అన్నాడు మా ఆయన, మొహంలో సంతోషం దాచుకోలేక.

"అట్లంటే ఎట్ల? పెద్దాయన సెంటిమెంటు నీకు తెల్దా?"

సెంటిమెంటు అంటే ఇంగ్లీషులో ఏమి అర్థమో నాకు తెలియదు. మా ఊళ్లో మాత్రం, ఒకసారి కలిసొచ్చినదాన్ని చచ్చేదాకా వదలకపోవడం. వెనకటి ఒక ఎలక్షన్‌లో పెద్దాయన నామినేషన్ వేయడానికి వస్తుంటే అవతలి వర్గంవాళ్లు జీపు మీద నాటుబాంబు వేశారు. అది బానెట్టు మీద పడి, దొర్లి, కాలవలో పడి తుస్సుమంది. ఆ యేడు ఆయనే గెలిచాడు కూడా. ఆరోజు ఒంటిమీద ఉన్నది మా అంగడి అంగీ. బాంబు చుట్టినవాడికి పని రాదని నేనంటాను. కానీ నా మాట ఎవరడిగారు? అది మొదలు ఆయన నిలబడినా, ఆయన మనిషి నిలబడినా, నామినేషన్ నాడు మా అంగడి కొత్త అంగీ ఒంటిమీద లేకుండా పెద్దాయన గడప దాటడు.

"ఈ ఒక్కటే" అన్నాడు మా ఆయన, వెనక గదిలోకి వచ్చి బట్ట నా ఒళ్లో పెడుతూ. "పెద్దోళ్లతో మనకెందుకు? ఈ ఒక్కటి అయినాక నీ ఇష్టం."

కుట్టాను. వాళ్ల మనిషి గెలిచాడు. మా ఆయన టీ అంగడిలో రెండు రోజులు రాజాలా కూర్చున్నాడు.

ఆ తర్వాత సొసైటీ ఎలక్షన్లొచ్చాయి. ఈ ఒక్కటే అన్నాడు. తొంభై ఎనిమిదిలో ఢిల్లీ గవర్నమెంటు నిలబడలేక మళ్లీ ఓట్లొచ్చాయి. ఈ ఒక్కటే అన్నాడు. గవర్నమెంటు ఢిల్లీలో పడేది, నడుం జమ్మలమడుగులో నాది పడేది. ప్రతిసారీ సంచి సర్దుకోవడం, ప్రతిసారీ విప్పుకోవడం. మైమూన్‌కు కబురు పెట్టడం కూడా మానేశాను. అది నా కోసం చేప దాచి దాచి విసుగెత్తి, "మా అక్క వచ్చేదెప్పుడో గానీ డ్యాంలో నీళ్లు అయిపోతాయి" అని మొగుడితో అందట.

ఇక మా ఆయన రిటైర్మెంటు గురించి చెప్పాలి. ఆయనలాగా దాన్ని అనుభవించినవాడు జిల్లాలో ఉండడు. పొద్దున టీ అంగడి. ఆపైన మసీదు అరుగు మీద పులిజూదం. తిన్నాక నిద్ర. సాయంత్రం పెన్న ఒడ్డుకు గాలికి. బస్సు కంపెనీ నుంచి, బడి నుంచి రిటైరైనవాళ్లు కాలం గడవక అల్లాడుతుంటే వాళ్లను కూర్చోబెట్టి ఈయన పాఠం చెప్పేవాడు. "రిటైరు కావడం గూడా ఒక విద్యప్పా. చేతులు ముడుచుకోవడం అందరికీ రాదు. పని యాదికి రాకుండా చూసుకోవల్ల" అనేవాడు. నిజమే, ఆయనకు పని ఎప్పుడూ యాదికి రాలేదు. యాది పెట్టుకోవడానికి నేనున్నాను కదా.

తొంభై తొమ్మిదిలో ఢిల్లీలో ఒక్క ఓటు తేడాతో గవర్నమెంటు పడిపోయిందని రేడియోలో విన్నప్పుడు నేను వంకాయలు కోస్తున్నాను. కత్తిపీట మీద నుంచి లేచి రేడియో ఆపేశాను. ఆపితే ఎలక్షన్లు ఆగుతాయా? ఈసారి పెద్దవి కూడా, అసెంబ్లీకి పెద్దాయనే నిలబడుతున్నాడు. ఆ వానాకాలం పల్లెల్లో కొట్లాటలు మొదలయ్యాయి. మా వీధిలో దీపాలు పెట్టగానే తలుపులు వేసుకునేవాళ్లు. నామినేషన్‌కు రెండు రోజులుందనగా సుందరం బట్ట తెచ్చాడు. పెద్దాయన ఊళ్లో లేడనీ, పులివెందుల దగ్గర బావమరిది చీనీ తోటలో, అంటే బత్తాయి తోటలో, ఉన్నాడనీ, నామినేషన్‌కు అక్కడి నుంచే వస్తాడనీ చెప్పి పోయాడు.

మా ఆయన కత్తిరించిన ముక్కలు తెచ్చి మిషను మీద పెట్టాడు. ఇంట్లో మేము తురకమాట మాట్లాడుకుంటాం గానీ, పోట్లాటకు తెలుగే బాగుంటుంది.

"అజీ, ఇంక నేనూ రిటైరైతా" అన్నాను.

ఆయన ఎగతాళి చేసి ఉంటే ఊరుకునేదాన్నేమో. ఆయన నిజంగానే అర్థం కాక చూశాడు. "నువ్వా? ఇంట్లో ఉండేదానికి రిటైరు ఏంది? యాడికి పోయి పని చేస్తాండావని?"

మిషను మీది ముక్కలు ఆయన వైపు నెట్టాను. "మూడేండ్లుగా ఈ అంగీలు ఎవరు కుడతాండారు? దయ్యాలు కుడతాండాయా? పెద్దాయనకే పోయి చెప్తా" అన్నాను.

ఆయన మొహం తెల్లబోయింది. "చెప్పాకు. నీకు దండం పెడతా, చెప్పాకు. ఆడామె చేతి అంగీ తొడిగించి మోసం చేసినారంటే మన మిషను పెన్నలో పడేస్తారు, మిషను కింద నన్ను పడేస్తారు. ఈ ఒక్కటి కుట్టు."

ఆయన భయం అబద్ధం కాదు. మా వైపు ఇంతకన్నా చిన్న వాటికే ఇళ్లు కాలాయి. అయినా మరుసటి రోజు పొద్దున్నే, మైమూన్ దగ్గరికి పోతున్నానని చెప్పి, ఆ ముక్కలు పెద్దాయనకే తిరిగిచ్చేద్దామని సంచిలో పెట్టుకుని పులివెందుల బస్సెక్కాను. ముద్దనూరు దాటేదాకా నా కాళ్లు మిషను తొక్కుతూనే ఉన్నాయి.

తోట వాకిలి దగ్గర సుందరం నన్ను చూసి ఉలిక్కిపడి, నేనెవరో చెప్పడానికి ముందుగా లోపలికి పోయాడు. లోపల చీనీ చెట్ల కింద మనుషులు గుంపులుగా కూర్చుని ఉన్నారు. ఒకడి పక్కన తుపాకీ. వాళ్ల మధ్యలో నులకమంచం మీద బనియనుతో ఒక ముసలాయన చీనీకాయ ఒలుచుకుంటున్నాడు. అతనే పెద్దాయన అని తెలుసుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది. అన్నేళ్లు అంగీలు కుట్టాను గానీ, మనిషిని దగ్గరగా చూడడం అదే. అంగీ లేకపోతే ఎముకలే.

"ఏం బీబమ్మా, సాయిబు రాలేదా? అంగీ అయిందా?" అన్నాడు. మా తురకల ఆడవాళ్లం ఎవరమైనా వాళ్లకు బీబమ్మలమే.

"సాయిబు కుట్టడం ల్యా అప్పా. ఆయనకు కండ్లు కనపడవు. మూడేండ్లుగా నేనే కుడతాండా."

ఒలిచే చెయ్యి ఆగింది. తుపాకీ పక్కనున్నవాడు లేచి నిలబడ్డాడు.

"గుండీలా?" అన్నాడు పెద్దాయన.

"అంతా."

"తొంభై ఆరుదీ?"

"నేనే."

"సొసైటీదీ? పోయిన తూరిదీ?"

"అవీ నేనే అప్పా. నన్నేం చేసినా చెయ్యి. ఆయన్నేమీ అనాకు."

ఆయన పెద్దగా నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి మిగతావాళ్లూ నవ్వారు. "అయితే ఇన్ని తూర్లు గెలిపించింది నీ చెయ్యన్నమాట. సాయిబు రిటైరైంది నిజమే. పోనీలే పాపం, రెస్టు తీసుకోనీ. నువ్వుండావు గదా!"

చూశారా న్యాయం. ప్రాణం అరచేతిలో పెట్టుకుని అంత దూరం పోయి నిజం చెప్తే, ఆయన రిటైరు ఖాయమైంది, నా ఉద్యోగం ఖాయమైంది. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే భయమనుకుంటారని పళ్లు బిగించుకున్నాను.

"నేనూ మానుకుంటాండా అప్పా. నాకు శాతకాదు. అది చెప్పేకే వచ్చినా."

"మానుకో. ఎవరొద్దన్నారు? ఈ ఒక్కటి కుట్టిచ్చి మానుకో."

ఆ మాట వినేసరికి భయం కూడా పోయింది. "నువ్వెందుకు మానుకోవప్పా? నీకూ వయసైంది గదా" అన్నాను.

తుపాకీవాడు "ఏయ్" అన్నాడు. పెద్దాయన చేత్తో వాడిని ఆపాడు. చీనీ తొన ఒకటి నోట్లో వేసుకుని, నమిలి, నిదానంగా చెప్పాడు.

"నాకు మాత్రం ల్యాదా ఆశ? ఈ తోటలో మంచమేసుకోని, నీళ్లు పారతాంటే చూస్కుంటా పండుకోవాలని ఉండాది. నేను మానుకున్నానంటే అవతలోడు నమ్మల్ల గదా. వాడు మానుకునేదాకా నాకు ల్యా. ఆడ వాడూ ఇదే మాట అంటాంటాడు."

"నీకు అవతలోడు వాడు. నాకు అవతలోడివి నువ్వే అప్పా" అన్నాను.

నా నోట్లోంచి అంత మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. పెద్దాయన మంచం మీద నుంచి లేచి, తోట అంచుదాకా నడిచి, తిరిగొచ్చాడు. "సరే పో. ఇంక మీ ఇంటికి జీపు రాదు" అన్నాడు.

సంచిలో ముక్కలు ఇవ్వడం కూడా మరిచి, దండం పెట్టి తిరిగాను. పది అడుగులు వేశానో లేదో వెనక నుంచి పిలిచాడు.

"బీబమ్మా. రేపు నాకేమన్నా అయితే, అంగీ కుట్టకపాయెనే అని నీ మనసులో పెట్టుకోవాకు."

అది మంచితనమో, ముసలి నక్క తెలివో నాకిప్పటికీ తెలియదు. ఆ ఒక్క మాటతో నన్ను మిషనుకు కట్టేసి పంపాడు. బస్సులో ముద్దనూరుదాకా ఆయన్ని తిట్టాను. ముద్దనూరు నుంచి నన్ను నేను తిట్టుకున్నాను. రేపు ఆ ఎముకల మీద బాంబు పేలితే నేను మైమూన్ అరుగు మీద కూర్చుని నీళ్లు ఎలా చూడను? మనిషి మంచివాడు కాదని తెలుసు. అయినా నేనెలా చూడను?

ఇల్లు చేరేసరికి ఎండ వాలింది. వెనక గదిలో గాలి ఆడడం లేదు, నాకు ఊపిరి ఆడడం లేదు. మిషనును ఈడ్చుకొచ్చి అంగడి ముందర వీధి అరుగు మీద పెట్టి కుట్టడానికి కూర్చున్నాను. మా ఆయన ఉరికొచ్చాడు. "లోపలికి రా! అందరూ చూస్తాండారు."

"చూడనీ."

చూశారు. పక్కింటి సైదున్నీసా చూసింది, టీ అంగడివాళ్లు చూశారు, పులిజూదంవాళ్లు ఆట ఆపి వచ్చారు. "ఖాలా, నువ్వా కుట్టేది?" అని అడిగారు. "నేనే. పెద్దాయన అంగీలన్నీ నేనే. ఆయనకు పొద్దున చెప్పి వచ్చినా. ఇది నా ఆఖరిది" అన్నాను, తల ఎత్తకుండా. మా ఆయన గడప మీద కూలబడ్డాడు. నాకు జాలి వేయలేదు. వేసిందేమో, దానికి టైము లేదు.

కాలరు అయింది. జేబులు అయ్యాయి. ఒక చెయ్యి అతికించాను. రెండోది పట్టుకునేసరికి వీధి చివర జీపు ఆగింది. సుందరం అనుకున్నాను. సుందరం కాదు, జమాల్. వాడు మా వీధివాడే గానీ అవతలి వర్గం దగ్గర జీపు తోలుతాడు. చంకలో తెల్ల ఖద్దరు బట్ట. గుంపు పక్కకు తొలిగింది.

"సలాం ఖాలా. బజారంతా నీ మాటే. మా అన్న గూడా రేపే నామినేషన్ వేస్తాండాడు. ఒక అంగీ కుట్టియ్యి" అన్నాడు.

"నీకు మతి ఉండాదా? ఇది ఎవరిదో తెలుసా?"

"తెలుసు. అందుకే వచ్చినా. ఆయనకు కుట్టి మాకు కుట్టకపోతే నువ్వు ఆ వర్గం అనుకుంటారు గదా. మంచిది కాదు ఖాలా" అన్నాడు, చాలా మర్యాదగా. ఆపైన గొంతు తగ్గించి, "మా అన్నకూ ప్రాణభయమే. రాత్రిళ్లు నిద్రపోడు" అన్నాడు.

మా ఆయన అప్పటికే గడప మీద నుంచి లేచాడు. ఆ బట్ట అందుకుని, "కుడుతుందిలే జమాల్. ఈ ఒక్కటీ..." అంటున్నాడు. టేపు కోసం తడుముకుంటున్నాడు.

నాకు అప్పుడు నవ్వొచ్చింది. మూడేళ్లలో మొదటిసారి. ఇద్దరూ నా అంగీలే తొడుక్కుని ఎదురెదురుగా నిలబడితే రేపు ఏ బాంబు పేలాలి, ఏ బాంబు తుస్సుమనాలి? ఎవరు గెలవాలి? పెద్దాయన నా మెడకు వేసి పంపిన ఉరి అక్కడే వదులైపోయింది. ఇంతకాలం పని అయిపోయాక లేద్దామని చూస్తూ కూర్చున్నాను. అది అయిపోదు. దీని వెనక అది, దాని వెనక ఇంకొకటి, ఢిల్లీలో గవర్నమెంటు ఉన్నన్నాళ్లూ, ఈడ వీళ్లకు భయం ఉన్నన్నాళ్లూ. మధ్యలో లేస్తేనే లేచినట్టు.

సూది కింద నుంచి అంగీ లాగి, దారం తెంపాను. ఒక చెయ్యే ఉన్న ఆ అంగీని, అతికించని రెండో చేతితో కలిపి మడిచి, మా ఆయన పట్టుకున్న బట్ట మీద పెట్టాను. చెప్పులు తొడుక్కున్నాను. బస్టాండులో మైలవరం బస్సు హారను కొడుతోంది.

"హఫీజా! యాడికి?" మా ఆయన గొంతు చిట్లింది. "రేపు నామినేషనే! మిగిలింది ఒక్క చెయ్యే గదా, కుట్టేసి పో!"

"నీకు రెండుండాయి గదా" అని, బస్సుకు నడిచాను.